సుశీలా? జానకా? ఒక పాత వాదన వెనకున్న చరిత్ర

మన బడిలో 1980ల్లో చదివినవాళ్లు, పాటల మీద కాస్త ఇష్టమున్నవాళ్లు ఇద్దరు కలిస్తే ఒక వాదన తప్పేది కాదు. ఎన్టీఆరా ఏఎన్నారా, గవాస్కరా కపిలా అన్నట్టే, సుశీలా జానకా అన్నది కూడా. సుశీల పక్షం వాళ్లు ‘ఆ స్పష్టత ఎవరికుంది’ అనేవారు. జానకి పక్షం వాళ్లు ‘ఆ భావం ఎవరు పలికిస్తారు’ అనేవారు. మధ్యలో ఒకరిద్దరు వాణీ జయరాం పేరెత్తితే రెండు పక్షాలూ కలిసి వాళ్ల మీద పడేవి. ఇప్పుడు మనకు జుట్టు నెరిసింది, కొందరికి అదీ లేదు. వాదన మాత్రం కలిసినప్పుడల్లా కొత్తగానే మొదలవుతుంది.

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వాళ్లు అడిగినప్పుడు నాకు ఈ వాదనే గుర్తొచ్చింది. నేను సంగీతం నేర్చినవాణ్ని కాను, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ని. గొంతు గురించి తీర్పు చెప్పేముందు, అది ఏ మైకులోంచి, ఏ తీగలోంచి, ఏ పెట్టెలోంచి మన చెవి దాకా వచ్చిందో చూడడం వృత్తి నేర్పిన అలవాటు. అలా చూస్తూ పోతే మన వాదనకు తీర్పు దొరకదు గాని, అంతకంటే విలువైనది దొరుకుతుంది. మనం వాదించుకున్న రెండు మూడు పేర్ల వెనక ఇంకా ఎన్ని గొప్ప గొంతులున్నాయో తెలుస్తుంది.

మైకు ముందుకు వచ్చిన గొంతు

మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అందులో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి రంగస్థలం నుంచి వచ్చిన నటి. అప్పట్లో నటించేవాళ్లే పాడాలి. వాద్యకారులు కెమెరాకు కనపడకుండా సెట్టు చాటున కూర్చుని వాయిస్తుంటే, నటి కెమెరా ముందే నటిస్తూ పాడేది. మైకుల్లేని నాటకాల రోజుల్లో పద్యం ఆఖరి వరుసలో కూర్చున్నవాడికీ వినపడాలి, వాడు ‘వన్స్ మోర్’ అనాలి. అందుకే ఆనాటి గొంతుల్లో శ్రుతి ఎక్కువ, బలం ఎక్కువ. ఈ రోజు ఆ రికార్డులు విని ‘అరుస్తున్నారేమిటి’ అనిపిస్తే, తేడా గొంతులో కంటే హాలులో ఉందని గుర్తుంచుకోవాలి.

శబ్దానికి ఒక లెక్క ఉంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. వంద అడుగుల దూరంలో ఉన్నవాడి కోసం పాడడం వేరు, అడుగు దూరంలో ఉన్న మైకు కోసం పాడడం వేరు. రెండో సందర్భంలో మెల్లగా పలికినా చాలు, ఊపిరి కూడా వినపడుతుంది. నటించేవారు ఒకరు, పాడేవారు ఒకరు అయిన రోజున ఈ కొత్త గొంతుకు తలుపు తెరుచుకుంది.

తెలుగులో ఆ తలుపు తెరిచిన సినిమాగా 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’ని చెబుతారు. చిత్తూరు నాగయ్య నిర్మించారు, పి. పుల్లయ్య దర్శకుడు, సంగీతం భీమవరపు నరసింహారావు. అందులో కమలా కోట్నీస్‌కు నేపథ్యంలో పాడినది రావు బాలసరస్వతీదేవి. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. చిన్నతనంలోనే సినిమాల్లో నటించిన ఆమెది గాలికి కదిలే దీపం లాంటి గొంతు. నాటకాల కాలంలో పుట్టి ఉంటే ఆ గొంతు మూడో వరుస దాటేది కాదేమో. మైకు వచ్చింది కాబట్టి లాలిపాటలా ఇంటింటికీ చేరింది. రేడియోలో లలిత సంగీతానికి ఆమె పెద్ద పేరు. 1944లో కోలంక జమీందారుతో వివాహమైంది, తర్వాత కొంతకాలానికి సినిమాలకు పాడడం బాగా తగ్గిపోయింది. ఆ రోజుల్లో ఒక ఆడగొంతు ఎంతకాలం వినపడాలన్నది ఆ గొంతు ఒక్కటే నిర్ణయించుకునే విషయం కాదు. మనం తయారుచేసుకున్న ‘గొప్ప గాయనుల’ జాబితాల్లో ఈ సంగతి ఎక్కడా కనపడదు.

ఒకే సినిమాలో రెండు గొంతులు

పోల్చాలంటే సరైన పోలిక కావాలి. ఒకే సంగీత దర్శకుడు, ఒకే కాలం, వీలైతే ఒకే సినిమా. అలాంటి పరీక్షకు 1955 నాటి ‘మిస్సమ్మ’ కంటే మంచిది దొరకదు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. సావిత్రికి పి. లీల పాడారు, జమునకు పి. సుశీల పాడారు.

దీని వెనక ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సినిమాలో కథానాయికగా మొదట అనుకున్నది భానుమతిని. ఆమె తన పాత్రలకు తానే పాడుకునే నటి. 1951లో ‘మల్లీశ్వరి’ విన్నవారికి ఆ గొంతులోని ధీమా ఎలాంటిదో తెలుసు. ఆమె తప్పుకోవడంతో సావిత్రి వచ్చింది, సావిత్రితో పాటు లీల గొంతు వచ్చింది. భానుమతి ఉండి ఉంటే మనం ఈ రోజు లీలవిగా చెప్పుకునే ఆ పాటలు భానుమతివై ఉండేవి. ఒక గాయని ఖాతాలో ఒక పాట పడడానికి ఇలాంటి మలుపులు ఎన్నో కారణం.

లీల పుట్టింది 1934లో, చిత్తూరులో. మన చిత్తూరు కాదు, కేరళలో పాలక్కాడు దగ్గరి చిత్తూరు. శాస్త్రీయ సంగీతం గట్టిగా నేర్చుకున్నారు. ‘మిస్సమ్మ’లో ఆమె గొంతు నిలకడగా, కాస్త బరువుగా ఉంటుంది. కోపాన్ని, దిగులును దాచుకున్న మేరీ పాత్రకు ఆ బరువు సరిపోయింది. సుశీల గొంతు అప్పటికి లేతది. చలాకీగా తిరిగే చెల్లెలి పాత్రకు అది సరిపోయింది. ఇక్కడ ఎవరు గొప్ప అని అడిగితే జవాబు లేదు. ఇద్దర్నీ తారుమారు చేసి ఊహించుకుంటే మాత్రం సినిమాయే మారిపోతుంది.

ఎనిమిదేళ్ల తర్వాత 1963లో ‘లవకుశ’ వచ్చింది, సంగీతం ఘంటసాల. ఇందులో అవే రెండు గొంతులు కవల పిల్లలకు కలిసి పాడాయి. అక్కడ రెండు పాత్రలుగా విడిపోయిన గొంతులు ఇక్కడ ఒక్కటిగా వినపడాలి. తీరిగ్గా కూర్చుని, ఏ స్వరం లీలది, ఏ స్వరం సుశీలది అని విడదీయడానికి ప్రయత్నించండి. మొదట కష్టమనిపిస్తుంది. నాలుగోసారి వినేసరికి లీల గమకం, సుశీల మాట విరుపు విడివిడిగా తెలుస్తాయి. నాకు లీల మీద అభిమానం పెరిగింది ఈ ఆటలోనే.

ఆ రోజుల రికార్డింగు పద్ధతి కూడా గుర్తుంచుకోవాలి. గాయకులు, వాద్యకారులు అందరూ ఒకే గదిలో, ఒకేసారి. ఒకటే ట్రాకు. చివరి చరణంలో వయొలిన్ తప్పినా పాట మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. యుగళగీతంలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, ఒకరి ఊపిరి ఒకరు గమనిస్తూ పాడేవారు. తర్వాత అనేక ట్రాకుల పద్ధతి వచ్చి, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం వచ్చి విడివిడిగా పాడి వెళ్లడం మొదలైంది. 1955 నాటి పాటను 1995 నాటి పాటతో పోల్చేటప్పుడు ఈ తేడాను తీసేసి గొంతుల్ని మాత్రమే పోల్చడం కుదరదు.

రేడియో నిలబెట్టిన స్పష్టత

సుశీల 1935లో విజయనగరంలో పుట్టారు. అక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదివారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిపిన కళాశాల అది. పెండ్యాల నాగేశ్వరరావు కొత్త గొంతు కోసం వెతుకుతూ, మద్రాసు రేడియోలో పాడుతున్న ఈ అమ్మాయిని ‘కన్నతల్లి’ సినిమాకు తీసుకున్నారు. తర్వాత ఏవీఎం సంస్థ ఆమెను నెలజీతం మీద పెట్టుకుంది. ఆ ఉద్యోగంలోనే తమిళ ఉచ్చారణ నేర్చుకున్నారు. 2016లో గిన్నిస్ వాళ్లు ఆమె పాటల లెక్కను 17,695గా గుర్తించారు. అంకె పెద్దదే, కాని ఆ అంకె వెనక ఉన్నది నెలజీతపు క్రమశిక్షణ.

మన తరం సుశీలను విన్నది ఎక్కువగా రేడియోలో. వివిధభారతి 1957లో మొదలైంది. మీడియం వేవ్‌లో ఒక స్టేషనుకూ ఇంకో స్టేషనుకూ మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. అంటే పాటలో దాదాపు నాలుగున్నర కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వనులు చాలావరకు మన ఇంటి రేడియో దాకా రానట్టే. శ, ష, స లాంటి అక్షరాల పదును ఉండేది సరిగ్గా ఆ పైభాగంలోనే. అంత కోత పడ్డాక కూడా, గరగరల మధ్య, పక్క స్టేషను ఈల మధ్య, ఒక్క అక్షరం పోకుండా వినపడ్డ గొంతు సుశీలది. ‘స్పష్టత’ అని మనం బడిలో వాదించినప్పుడు అది వ్యాకరణం లెక్క అనుకునేవాళ్లం. నా దృష్టిలో అది ఇంజనీరింగ్ లెక్క కూడా. ఆ కాలపు యంత్రానికి ఆ గొంతు అచ్చంగా సరిపోయింది.

క్యాసెట్ దగ్గరికి తెచ్చిన ఊపిరి

జానకి 1938లో గుంటూరు జిల్లా రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారు. 1957లో సినిమాల్లోకి వచ్చారు. 1962లో ‘కొంజుం సలంగై’ అనే తమిళ సినిమాలో ఆమె కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో సమానంగా పాడారు. తెలుగులో అది ‘మురిపించే మువ్వలు’గా వచ్చింది. నాదస్వరం అంటే పెళ్లి పందిరినంతా నింపే వాద్యం. దాని పక్కన ఒక ఇరవై నాలుగేళ్ల అమ్మాయి గొంతు తడబడకుండా నిలబడడం ఆ రోజుల్లో పెద్ద విశేషం.

అయినా మన బ్యాచ్ వాళ్లు ప్రేమించిన జానకి ఆ జానకి కాదు. నవ్వును, ఏడుపును, చిన్నపిల్ల మాటను, ముసలమ్మ వణుకును పాటలో కలిపే జానకి. ఇవన్నీ చాలా సన్నని ధ్వనులు, సగం ఊపిరే. మనం హైస్కూల్లో ఉన్నప్పుడు టేప్ రికార్డర్లు ఇళ్లలోకి వస్తున్నాయి, మీడియం వేవ్ మింగేసిన ధ్వనులు క్యాసెట్‌లో వినపడుతున్నాయి. పాట నచ్చితే వెనక్కి తిప్పి మళ్లీ వినొచ్చు. 1984లో వంశీ ‘సితార’కు ఇళయరాజా సంగీతంలో జానకి పాడిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాటను రేడియోలో ఒకసారి విన్నవాడు, క్యాసెట్‌లో పదిసార్లు విన్నవాడు రెండు వేరు పాటలు విన్నట్టే.

ఇలా చూస్తే మన బడి వాదనలో రెండు పక్షాలు ఏర్పడడానికి ఒక మామూలు కారణం కూడా ఉంది. ఇంట్లో రేడియో మాత్రమే ఉన్నవాళ్లు ఎక్కువగా సుశీల వైపు, టేప్ రికార్డర్ ఉన్నవాళ్లు ఎక్కువగా జానకి వైపు. నా లెక్క సరికాదనిపిస్తే మన బ్యాచ్ వాళ్లను ఒక్కొక్కరినీ అడిగి చూడండి.

మన గొంతు, పరాయి గొంతు

‘ఎంతైనా మన తెలుగువాళ్లు పాడినట్టు ఉండదు’ అనే మాట ఇప్పటికీ వింటాం. పురస్కారాల చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. ఉత్తమ గాయనికి జాతీయ పురస్కారం మొట్టమొదట అందుకున్నది సుశీల, 1968 సంవత్సరానికి. అది తమిళ పాటకు. జానకి మొదటి జాతీయ పురస్కారం కూడా తమిళ పాటకే. ఇద్దరు తెలుగు ఆడపడుచులను దేశం ముందు నిలబెట్టింది అరవ పాట.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. వేలూరులో పుట్టిన వాణీ జయరాం కొంతకాలం స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేశారు, అందులో కొన్నాళ్లు హైదరాబాదులో. 1971లో ‘గుడ్డి’తో హిందీలో పేరొచ్చింది. ఆమెకు వచ్చిన మూడు జాతీయ పురస్కారాల్లో రెండు తెలుగు సినిమాలకే: 1980లో విడుదలైన ‘శంకరాభరణం’, తర్వాత ‘స్వాతికిరణం’. రెండింటికీ సంగీతం కె.వి. మహదేవన్. ‘స్వాతికిరణం’లో ఆమె పాడింది ఒక పిల్లవాడి పాత్రకు. నలభై ఏళ్లు దాటిన స్త్రీ గొంతు, పసివాడి అహం లేని విద్యగా వినపడుతుంది. ‘శంకరాభరణం’లో జానకి కూడా పాడారు. ‘మిస్సమ్మ’ లాగే ఇదీ పోలికకు మంచి పాఠం. కేరళ నుంచి వచ్చిన లీల, వేలూరు నుంచి వచ్చిన వాణి, తర్వాత తిరువనంతపురం నుంచి వచ్చిన చిత్ర... వీళ్ల పాటలు తీసేస్తే తెలుగు పాటల పెట్టెలో సగం ఖాళీ అవుతుంది.

జాబితాలో లేని పేర్లు

ఇక నా కొత్త అభిమానాల సంగతి. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో ‘మురారి’ సినిమాలోని పెళ్లిపాట వేశారు. 2001 నాటి ఆ పాట లేని పెళ్లి వీడియో మన రాష్ట్రాల్లో దాదాపు లేదు. అందులో సునీత, సంధ్యలతో పాటు ఒక పెద్దావిడ గొంతు వినపడుతుంది. పక్కన కూర్చున్న పిల్లల్ని అడిగితే ఎవరికీ తెలియలేదు. ఆ గొంతు జిక్కిది.

జిక్కి అసలు పేరు పి.జి. కృష్ణవేణి. చిన్నపిల్లగా ఉన్నప్పుడే, 1943లో ‘పంతులమ్మ’లో కనిపించారు. 1955లో ‘రోజులు మారాయి’లో వహీదా రెహమాన్ నృత్యం చేసిన ఏరువాక పాట ఆమెదే. గాయకుడు ఏ.ఎం. రాజాను పెళ్లి చేసుకున్నారు. 1991లో ‘ఆదిత్య 369’లో, కథ రాయలవారి కాలానికి వెళ్లినప్పుడు ఇళయరాజా వెతికి తెచ్చింది ఆ పాత గొంతునే. పదేళ్లకు మణిశర్మ మళ్లీ పిలిచారు. ఆమె 2004లో కన్నుమూశారు. మన పిల్లలు ఆ గొంతును వందసార్లు విన్నారు, పేరు ఒక్కసారీ వినలేదు.

జిక్కి స్థాయి ఏమిటో తెలియాలంటే ఇంకో పోలిక చెబుతాను. 1957 నాటి ‘సువర్ణసుందరి’లో ఘంటసాల, జిక్కి కలిసి పాడిన రాగమాలిక ఉంది. సంగీతం ఆదినారాయణరావు. అదే సినిమా హిందీలో తీసినప్పుడు అదే బాణీని, అదే సంగీత దర్శకుడి చేతికింద, మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడారు. ఇంతకంటే న్యాయమైన పోటీ ఎక్కడ దొరుకుతుంది! రెండూ వెంటవెంటనే వినండి. లత స్వరం గీత గీసినట్టు ఉంటుంది. జిక్కి స్వరంలో ఒక తుళ్లింత ఉంటుంది. ఎవరికి ఓటు వేస్తారో మీ ఇష్టం, జిక్కి మాత్రం ఆ పోటీలో తలవంచుకోవాల్సిన గాయని కాదు. లతను తెలుగులోనే వినాలనుకుంటే 1955 నాటి ‘సంతానం’ ఉంది, సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో.

ఇంకో పేరు ఎల్.ఆర్. ఈశ్వరి. గొప్ప గాయనుల చర్చలో ఈమె పేరు ఎత్తితే కొందరు ముఖం అదోలా పెడతారు. క్లబ్బు పాటలు పాడిందని. ఆమె పూర్తి పేరు లూర్దు మేరీ రాజేశ్వరి ఈశ్వరి. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, కోరస్‌లో పాడుతూ పైకి వచ్చారు. మనం క్లబ్బు పాటల గాయని అన్న ఈమెనే తమిళనాడు అమ్మవారి పాటల గాయనిగా కొలుస్తుంది. ఆషాఢంలో అక్కడి గుళ్ల మైకుల్లో వినపడేది ఈ గొంతే. గొంతు అదే. అది పాడిన పాత్ర మీద మనకున్న చిన్నచూపు గొంతుకు అంటుకుంది. నాట్యగత్తె పాత్రకు పాడినా, అమ్మవారికి పాడినా తాళం మీద ఆ పట్టు, మాట మీద ఆ ఒత్తిడి ఒక్కటే. నా ఇష్టమైన గాయనుల వరుసలో ఇప్పుడు ఆమె ముందువైపే ఉన్నారు.

పేరు చెప్పే మర్యాద

కొత్త గాయనుల్ని ఇష్టపడడం గురించి కూడా ఒక మాట. ‘ఇప్పటి వాళ్లవి యంత్రాల గొంతులు’ అని మన వయసువాళ్లం తేలిగ్గా అనేస్తాం. శ్రుతిని సరిచేసే ఆటో ట్యూన్ 1997లో వచ్చింది, నిజమే. కాని పైన చెప్పుకున్నట్టు, యంత్రం లేని కాలం అంటూ లేదు. మైకు లేకపోతే బాలసరస్వతి లేరు, రేడియో లేకపోతే మన సుశీల లేరు. ఈ కాలపు గాయని గొంతు నిజంగా ఎంతో తెలియాలంటే, స్టూడియో పాట పక్కన పెట్టి, వేదిక మీద రెండు వాద్యాలతో పాడింది వినండి. చిత్రను, సునీతను అలా విన్నాకే వాళ్ల మీద నాకు గౌరవం స్థిరపడింది. ఈ తరం గాయనుల్లోనూ ఒకరిద్దరు అలాగే దొరుకుతారు.

చివరగా మన బడికి ఒక విన్నపం. మనకు ఇన్ని పేర్లు తెలియడానికి కారణం మన శ్రద్ధ కాదు. రేడియోలో పాటకు ముందు చిత్రం పేరు, రాసినవారి పేరు, సంగీతం చేసినవారి పేరు, పాడినవారి పేరు చెప్పే ఆనవాయితీ. వద్దన్నా చెవిలో పడేవి. 1949లో హిందీ ‘మహల్’ రికార్డు మీద లత పేరు బదులు పాత్ర పేరు ‘కామిని’ అని వేశారు. పేరు లేకపోతే ఎంత గొప్ప గొంతైనా ఎవరిదో అయిపోతుంది. ఈ రోజు ఫోనులో ఒక పాట అవగానే ఇంకో పాట దానంతటదే వస్తుంది, మధ్యలో పేరు చెప్పేవారు లేరు.

మన బడి వార్షికోత్సవంలో పిల్లలు ఇప్పటికీ పాడుతున్నారు, పాటలకు డ్యాన్సులు చేస్తున్నారు. పాట మొదలయ్యే ముందు ఒక విద్యార్థి మైకు ముందుకు వచ్చి, పాత రేడియో పద్ధతిలో, ఆ పాట రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు, మొదట పాడిన గొంతు పేరు చెప్పాలని నా కోరిక. అర నిమిషం పని, ఖర్చు లేదు. కావలసిన వివరాలు వెతికి ఇచ్చే బాధ్యత మన సంఘం తరఫున నేను తీసుకుంటాను. సుశీలా జానకా అన్న వాదన వాళ్లూ చేసుకుంటారు, చేసుకోనిద్దాం. వాళ్ల వాదనలో లీల, జిక్కి, ఈశ్వరి పేర్లు కూడా ఉంటే చాలు.